ఆఠీను రాజుకు మీసం ఏదీ?

సూళ్లూరుపేటలో అందరికీ తల పైకెత్తే అలవాటు. శ్రీహరికోటలో రాకెట్టు లేచిందంటే చాలు, టీ గ్లాసు చేతిలోనే ఉంటుంది, కళ్లు మాత్రం ఆకాశంలో! ఈసారికి తల దించండి. చేతిలో పేకముక్కలు విప్పండి. అధికారం, పందెం, బొమ్మ గీసే చేయి... మూడూ ఆ చిన్న అట్టముక్క మీదే కూర్చున్నాయి.

ముందుగా ఒక ప్రశ్న. పేకలో నలుగురు రాజులు. ముగ్గురికి మీసాలున్నాయి, ఆఠీను రాజుకు లేదు. పైగా తన కత్తిని తన తలలోనే గుచ్చుకుంటున్నట్టు ఉంటాడు. ఎందుకు? జవాబు చివర్లో. ఇప్పుడే కిందికి చూశారో, పక్కవాడి ముక్కల్లోకి తొంగిచూసినట్టే!

ప్రళయకావేరి ఒడ్డున

మీకు తెలుసా? డచ్చి భాషలో ఆఠీనును "హార్టెన్" అంటారు. కళావరును "క్లావర్" అంటారు. గట్టిగా పలికి చూడండి. ఎక్కడో విన్నట్టు లేదూ?

ఆ డచ్చివాళ్లు ఎక్కడుండేవారో తెలుసా? మన పొరుగునే! ప్రళయకావేరి, అదేనండి, పులికాట్ సరస్సు. దాని దక్షిణపు కొసన 1613 నాటికి వాళ్లకు గెల్డ్రియా అనే కోట ఉంది. కోరమాండల్ తీరంలో వాళ్ల వ్యాపారమంతా చాలాకాలం అక్కడినుంచే నడిచింది. బట్టల మూటలు ఓడల్లో వెళ్లిపోయాయి. పేకముక్కల పేర్లు మన నోళ్లలో ఉండిపోయాయి!

మరి "తురుపు" మాటో? డచ్చి భాషలో "ట్రూఫ్". ఎన్నికలొస్తే ఏ నాయకుడి దగ్గర ఏ తురుపు ముక్క ఉందోనని మనం టీ కొట్టు దగ్గర గంటలు గంటలు మాట్లాడుకుంటాం. ఆ మాట సముద్రం దాటి వచ్చిందని ఓడకైనా గుర్తుందో లేదో!

ఇస్పేటును పోర్చుగీసువాళ్లు "ఎస్పాదస్" అంటారు, అంటే కత్తులు. డైమను సంగతి సరేసరి, తిన్నగా ఇంగ్లీషే. లెక్క చూడండి: గుర్తులు నాలుగు, వినిపించే భాషలు మూడు! పదమూడు ముక్కలు పట్టుకుని కూర్చున్నాం అనుకుంటాం గానీ, చేతిలో ఉన్నది ఓడరేవు.

ఇది విన్నారా? ఇంగ్లీషువాళ్ల కొట్టు అప్పట్లో మన దుగరాజపట్నంలో ఉండేది. అక్కడి పెద్ద ఫ్రాన్సిస్ డే కొత్త చోటు వెతుక్కుంటూ దక్షిణానికి వెళ్లాడు. 1639లో దామెర్ల నాయకుల నుంచి ఒక ఇసుక దిబ్బ సంపాదించాడు. అదే మద్రాసు! నాయకుడి తండ్రి చెన్నప్ప పేరు మీదుగా అక్కడ చెన్నపట్నం వెలిసింది. తండ్రి బొమ్మ గోడకు తగిలించేవాళ్లు ఉంటారు, ఈ కొడుకు తండ్రి పేరును ఊరికే తగిలించాడు!

రాజులున్న పెట్టె

మీకు తెలుసా? మన దేశంలో పేకముక్కలు ఒకప్పుడు గుండ్రంగా ఉండేవి. పేరు గంజీఫా. అచ్చు యంత్రం లేదు, ప్రతి ముక్కా చేత్తో వేసిన బొమ్మే. ఒక ఆట ఆడాలంటే ముందు ఒక చిత్రకారుడు ఉండాలన్నమాట!

బాబర్ 1527లో సింధులో ఉన్న షా హసన్‌కు ఏం కానుక పంపాడో తెలుసా? గుర్రాలు కాదు, కత్తులు కాదు, గంజీఫా! ఆ మాట తన ఆత్మకథలో తనే రాసుకున్నాడు. రాజ్యం గెలిచి ఏడాది, అప్పుడే పేక పంపకం!

అక్బరు ఆడిన పేకలో ఎన్ని ముక్కలు? యాభై రెండు అన్నారా? తప్పు! పన్నెండు రకాలు, రకానికి పన్నెండు, మొత్తం 144. ఐన్-ఇ-అక్బరీలో అబుల్ ఫజల్ వరసగా లెక్కపెట్టాడు. అంత కట్టను కలపాలంటే ఒకడి చేతులు చాలవు, ఇద్దరు మంత్రులు కావాలి!

ఇక్కడ కుర్చీ గట్టిగా పట్టుకోండి. ఆ పేకలో మొదటి మూడు రకాల పేర్లు అశ్వపతి, గజపతి, నరపతి! గుర్రాల దొర, ఏనుగుల దొర, కాల్బలాల దొర. తెలుగు చరిత్ర చదివినవాళ్లకు ఇవి పేకముక్కలా? ఢిల్లీ, ఒడిశా, విజయనగరం సింహాసనాలు! పెద్ద కోటలన్నీ ఒక చిన్న పెట్టెలో సర్దేశారు.

నరపతి ముక్క గజపతి ముక్కను కొట్టింది ఎప్పుడో తెలుసా? 1514లో, మన నెల్లూరు సీమ ఉదయగిరిలో! ప్రతాపరుద్ర గజపతి కోటను శ్రీకృష్ణదేవరాయలు పట్టుకున్నాడు. ఈ ఆటలో ముక్క తిప్పడానికి నెలల తరబడి ముట్టడి పట్టింది.

దశావతార గంజీఫా గురించి విన్నారా? పది అవతారాలు, అవతారానికి పన్నెండు ముక్కలు, 120. పగలు ఆడితే రాముడున్నవాడు మొదలుపెట్టాలి. రాత్రి ఆడితే కృష్ణుడున్నవాడు! దేవుళ్లకు కూడా డ్యూటీ వేళలు!

అందులో ఇంకో తమాషా. సగం రకాల్లో పది పెద్దది, ఒకటి చిన్నది. మిగతా సగంలో తలకిందులు: ఒకటి పెద్దది, పది చిన్నది! నిన్నటిదాకా చివరి బెంచీలో ఉన్నవాడు తెల్లారేసరికి మంత్రి అవడం మనకేం కొత్త?

ఈ ముక్కలు వేసిన చేతులు మన దగ్గరా ఉన్నాయి. కొయ్యబొమ్మల నిర్మల్‌లో, రాయలసీమ నొస్సంలో గంజీఫా బొమ్మలు వేసేవారు. నిర్మల్ బొమ్మ తెలియని తెలుగు ఇల్లు లేదు. నిర్మల్ పేక ఎంతమంది ఇళ్లలో ఉంది? చేతులెత్తండి చూద్దాం!

మైసూరు మహారాజు ముమ్మడి కృష్ణరాజ ఒడయరుకు పేక అంటే ఎంత ఇష్టమో తెలుసా? కొత్త ఆటలు తనే కల్పించాడు. అన్నిటికన్నా పెద్దదానికి కావలసిన ముక్కలు 360! ఏడాదికి సరిపడా, రోజుకొకటి. ఐదు రోజులు సెలవు!

ఫ్రెంచి విప్లవంలో నిజం రాజుకు తల పోయింది, పేకలో రాజుకు కొలువు పోయింది! 1793 తర్వాత వేసిన ముక్కల్లో రాజు, రాణి, జాకీ మాయం. వాళ్ల చోట ప్రతిభ, స్వేచ్ఛ, సమానత్వం! ఏళ్లు గడిచాయి, రాజులు పెట్టెలోకి తిరిగొచ్చారు. పేకలో రాచరికం పోవడం కష్టమే సుమా!

2003లో అమెరికా సైన్యం ఒక పేక అచ్చువేసింది. బొమ్మ ముక్కల మీద రాజులు లేరు, ఇరాక్‌లో వాళ్లు వెతుకుతున్న పెద్దల ముఖాలు. సద్దాం హుస్సేన్ ఏ ముక్కో ఊహించండి. ఇస్పేటు ఆసు! కొడుకులిద్దరికీ కూడా ఆసులే ఇచ్చారు. కుటుంబ పాలన పేకలోనూ తప్పలేదు!

కదలకండి మహారాజా, బొమ్మ వేస్తున్నారు

మీకు తెలుసా? తిరుమల గుడిలో అడుగుపెట్టగానే ఒక చక్రవర్తి మీకు నమస్కారం పెడుతూ కనిపిస్తాడు! శ్రీకృష్ణదేవరాయలు, పక్కన తిరుమలదేవి, చిన్నాదేవి. ముగ్గురి భుజాల మీదా పేర్లు చెక్కి ఉన్నాయి. ఉదయగిరి పట్టినవాడు, ఏడుసార్లు కొండెక్కినవాడు, ఆ శిల్పి ముందు చేతులు జోడించే నిలబడ్డాడు. ఐదువందల ఏళ్లయింది, ఆ చేతులు ఇంకా దించలేదు!

లేపాక్షిలో తల ఎత్తండి. పైకప్పు మీద దేవుళ్లతో పాటు ఎవరున్నారు? గుడి కట్టించిన విరుపణ్ణ, తన పరివారంతో! శిలాఫలకం మీద పేరు వేయించుకునేవాళ్లకు ఆయన అప్పట్లోనే పెద్దన్న. తేడా ఒకటే: ఆయనగారి వేషధారణ కూడా మనకు తెలుసు.

జహంగీరు పటాల్లో ఒకటుంది. చక్రవర్తి ఒక సూఫీ సాధువుకు పుస్తకం ఇస్తుంటాడు. కింద ఇంగ్లండు రాజు జేమ్సు వంతు కోసం నిలబడి ఉంటాడు. ఆయనకన్నా కింద మూలన చేతిలో చిన్న పటంతో ఇంకొకడు. ఎవడు వాడు? ఆ బొమ్మ వేసిన బిచిత్రుడే! కొలువులో పిలుపు ఎవరికుందో ఎవరికి లేదో గానీ, కుంచె ఉన్నవాడికి చోటు గ్యారంటీ!

గోల్కొండ ముఖాలు ఆమ్‌స్టర్‌డామ్ వెళ్లాయని తెలుసా? 1686 ప్రాంతంలో గోల్కొండ చిత్రకారులు మన దేశపు పాలకుల బొమ్మలు వేశారు. 49 బొమ్మల ఆ సంపుటం ఆమ్‌స్టర్‌డామ్ నగరపెద్ద విట్సెన్ చేతికి చేరింది. ఇప్పుడు రైక్స్ మ్యూజియంలో ఉంది. 1687లో ఔరంగజేబు గోల్కొండను పట్టుకున్నాడు. రాజ్యం పోయింది, ముఖాలు బతికిపోయాయి!

ఇంకా పెద్దది వినండి. డచ్చి మహాచిత్రకారుడు రెంబ్రాంట్ మన మొగలు బొమ్మలు చూసి సుమారు పాతిక బొమ్మలు దించుకున్నాడు! షాజహాను ముఖాన్ని ఆయన గీశాడు. ఇండియా గడప తొక్కింది ఎన్నిసార్లు? సున్నా!

హైదరాబాదు ఆరో నిజాం కొలువులో రాజా దీన్ దయాళ్ అనే ఫొటోగ్రాఫర్ ఉండేవారు. ఆయనకు నిజాం ఇచ్చిన బిరుదు ముసవ్విర్ జంగ్. అంటే బొమ్మలు గీసేవాళ్లలో యుద్ధవీరుడు! చేతిలో కెమెరా, పేరులో కత్తి!

బొమ్మ చూసి పెళ్లికి ఒప్పుకున్న రాజు తెలుసా? ఇంగ్లండు రాజు ఎనిమిదో హెన్రీ. హోల్బైన్ 1539లో వేసిన ఆన్ ఆఫ్ క్లీవ్స్ చిత్రం చూసి సరే అన్నాడు. 1540 జనవరిలో పెళ్లి. ఆరు నెలల్లో రద్దు! పెళ్లిచూపులకు ఫొటో ఒక్కటే చాలదని మన పెద్దలు అందుకే అంటారు.

చర్చిల్‌కు 80 ఏళ్లు నిండినప్పుడు, 1954లో, పార్లమెంటు ఆయన చిత్రం వేయించి కానుకగా ఇచ్చింది. చిత్రకారుడు గ్రాహం సదర్లాండ్. ముసలితనం ముసలితనంలాగే వేశాడు. చర్చిల్‌కు ఒళ్లు మండింది. ఆఖరికి ఇంట్లోవాళ్లు ఆ పటాన్నే మంటల్లో వేశారు! హిట్లర్‌కు జంకని మనిషి ఒక కుంచెకు జంకాడు.

ఎలిజబెత్ రాణి బొమ్మను లూసియన్ ఫ్రాయిడ్ 2001లో ఎంత సైజులో వేశాడో ఊహించండి. గోడంత? తలుపంత? కాదు! సుమారు 23 సెంటీమీటర్ల ఎత్తు, 15 వెడల్పు. స్కూలు నోటుపుస్తకమంత! అంతటి కిరీటానికి అంతే జాగా.

గోడల మీది రాజకీయం

మీకు తెలుసా? మీరు వేలికి సిరా వేయించుకుని మీట నొక్కే ఎన్నికల గుర్తుల్లో చాలావాటిని పెన్సిలుతో గీసింది ఒకే మనిషి! ఎన్నికల సంఘంలో డ్రాఫ్ట్స్‌మన్‌గా పనిచేసి 1992లో రిటైరైన ఎం.ఎస్. సేథీ. జనం రోజూ వాడే వస్తువులు ఏమిటా అని బల్ల చుట్టూ కూర్చుని ఆలోచించేవారు, ఆయన గీసేవారు. దేశమంతా ఆయన బొమ్మలకు ఓట్లు వేసింది.

మీ జేబులో గాంధీ ఎక్కడినుంచి వచ్చారో తెలుసా? 1946లో తీసిన ఒక ఫొటో నుంచి. అందులో పక్కనే బ్రిటిషు మంత్రి పెథిక్ లారెన్స్ ఉన్నారు. 1996 నుంచి వస్తున్న నోట్ల మీద గాంధీగారి చిరునవ్వు మిగిలింది, మంత్రిగారు కత్తెర పాలయ్యారు! చూశారా, సామ్రాజ్యాన్ని పక్కకు తప్పించడానికి కత్తెర చాలు.

సర్కారు ప్రకటనలో ఎవరి ఫొటో ఉండాలో సుప్రీంకోర్టు చెప్పిందని తెలుసా? 2015లో రాష్ట్రపతి, ప్రధాని, ప్రధాన న్యాయమూర్తి, ఈ ముగ్గురే అంది. 2016లో గవర్నర్లకు, ముఖ్యమంత్రులకు, మంత్రులకు తలుపు తీసింది. పది నెలలు! ముఖం లేకుండా నాయకులు ఓర్చుకున్న రికార్డు కాలం!

రాజ్యాంగంలో బొమ్మలున్నాయని తెలుసా? రాముడు, బుద్ధుడు, అక్బరు, శివాజీ, గాంధీ... అన్నీ నందలాల్ బోస్, ఆయన శిష్యబృందం చేతిపని. చట్టాల పుస్తకానికి చిత్రాల అంచులు! చదవని వాళ్లు కూడా చూడొచ్చు.

ఆ నందలాల్ దగ్గర శాంతినికేతన్‌లో చదువుకున్న మన చిత్తూరు సీమ కుర్రాడు ఎవరో చెప్పగలరా? 1925లో పుట్టిన కృష్ణారెడ్డి! ఒకే లోహపు రేకు మీదినుంచి, రంగుల చిక్కదనం తేడాతో, ఒక్క అచ్చులో అన్ని రంగులూ తెప్పించే విద్యను పారిస్‌లో పండించారు. రంగుకొక రేకు చెక్కేవాళ్లు నోళ్లు వెళ్లబెట్టారు!

1968లో పారిస్ వీధుల్లో విద్యార్థులు తిరగబడ్డప్పుడు కృష్ణారెడ్డి అక్కడే ఉన్నారు. ఆ రోజుల్లోంచి పుట్టిన ఆయన చిత్రం పేరు "ప్రదర్శనకారులు". ప్రపంచం అధికారంలో ఉన్నవాళ్ల ముఖాలు వేయించుకుంటుంటే, మన చిత్తూరు చేయి ఎదురు నిలిచినవాళ్లను వేసింది. సెభాష్!

ఎం.ఎఫ్. హుసేన్ మొదట్లో బొంబాయిలో ఏం వేసేవారో తెలుసా? సినిమా హోర్డింగులు! కూలి చదరపు అడుగుకు అణాల లెక్కన. హీరో ముఖం ఎంత పెద్దదైతే పొయ్యి మీద అన్నం అంత!

ఆ హుసేన్ చేత రామాయణం వేయించిన ఊరు ఏది? మన హైదరాబాదే! బొమ్మలు ధనవంతుల గదుల్లో కాదు, జనంలో ఉండాలని సోషలిస్టు నేత రామ్ మనోహర్ లోహియా పోరుపెట్టారు. హైదరాబాదు వాసి బద్రీవిశాల్ పిట్టీ ఆసరా ఇచ్చారు. ఏళ్ల తరబడి వేస్తే నూటికి పైగా పటాలయ్యాయి. రాజకీయ నాయకుడి మాట విని ఒక చిత్రకారుడు ఇంత పని చేశాడంటే, ఆ మాటలో ఎంత నిజం ఉండాలి!

1986లో హుసేన్ రాజ్యసభకు నామినేట్ అయ్యారు. ఆరేళ్లు సభలో ఏం చేశారు? బొమ్మలు వేశారు! మాట్లాడేవాళ్లు మాట్లాడుతుంటే ఆయన గీస్తూ కూర్చున్నారు. అవన్నీ కలిసి పుస్తకమయ్యాయి. అంతమంది ప్రసంగాల నడుమ పెన్సిలు చప్పుడు ఒక్కటే వేరు!

కార్టూనిస్టు శంకర్‌తో నెహ్రూ ఏమన్నారో తెలుసా? నన్నూ వదలొద్దు అన్నారు! 1948లో మొదలైన శంకర్స్ వీక్లీ 1975లో, ఎమర్జెన్సీ ఏడాదిలో మూతపడింది. అదే ఏడాది డిసెంబరులో అబూ అబ్రహాం ఒక కార్టూను వేశారు: రాష్ట్రపతి స్నానాల తొట్టెలో కూర్చునే ఆర్డినెన్సుల మీద సంతకం పెట్టేస్తున్నారు! యాభై ఏళ్లయినా ఆ నీళ్లు చల్లారలేదు.

మన బాపు లా చదివారని తెలుసా? నల్లకోటు వేయలేదు, నల్లసిరా పట్టారు. ఆంధ్రపత్రికలో కార్టూన్లు వేశారు. ఆయన తీసిన "శ్రీనాథ కవిసార్వభౌముడు" 1993లో వచ్చింది. అందులో రాజుల ముందు తలవంచని కవిగా వేసింది ఎవరు? అప్పటికే ముఖ్యమంత్రి పీఠం ఎక్కి దిగిన ఎన్టీఆర్! కుర్చీలో ఉండగా రాష్ట్రానికి ఆయన మాట, సెట్లో ఆయనకు బాపు మాట!

2014లో వరల్డ్ ప్రెస్ కార్టూన్ గ్రాండ్ ప్రీ ఎవరికి వచ్చింది? తెలుగు పత్రికలో వేసే శంకర్ పామర్తికి! వేసిన ముఖం నెల్సన్ మండేలాది. దక్షిణాఫ్రికా ముఖం, తెలుగు గీత, పోర్చుగల్లో పట్టాభిషేకం!

పోకర్ బల్ల దగ్గర

మీకు తెలుసా? అమెరికా అధ్యక్షుడు ట్రూమన్ బల్ల మీద ఒక చెక్కపలక ఉండేది. బాధ్యత ఇక్కడే ఆగుతుంది, ఇంకెవరి మీదికీ నెట్టను అని దాని భావం. ఆ మాట పుట్టింది పోకర్ బల్ల మీద! ముక్కలు పంచే వంతు ఎవరిదో తెలియడానికి ఒక వస్తువును ఒకరి ముందునుంచి ఇంకొకరి ముందుకు జరిపేవారు. జరపనని చెప్పిన అధ్యక్షుడు ఆయనే!

1946 మార్చిలో చర్చిల్, ట్రూమన్ ఒకే రైల్లో ఫుల్టన్ వెళ్లారు. మర్నాటి ప్రసంగంలో చర్చిల్ "ఇనుప తెర" అని ప్రపంచాన్ని రెండు ముక్కలు చేశాడు. ముందు రాత్రి ఏం చేశాడు? పోకర్ ఆడి డబ్బు పోగొట్టుకున్నాడు! ప్రపంచం చేతికి చిక్కింది గానీ పేక చిక్కలేదు.

నిక్సన్ మొదటి ఎన్నికకు డబ్బు ఎక్కడిదో తెలుసా? నౌకాదళంలో ఉండగా పోకర్‌లో గెలిచినదాంట్లోంచి కొంత! అభ్యర్థి ఖర్చుల ఫారంలో ఆ గడి ఎక్కడుందో వెతకండి!

ఐసెన్‌హోవర్ యువ అధికారిగా పోకర్‌లో ఎంత గట్టివాడంటే, తోటివాళ్లు ఓడి నష్టపోతుంటే చూడలేక ఆటే మానేశాడు. తర్వాత? యాభై ఎనిమిదో ఏట కుంచె పట్టాడు. సుమారు 250 బొమ్మలు! ముక్కలు దించినవాడికి రంగులు దొరికాయి.

బొమ్మ వేయించుకునేవాడే బొమ్మ వేస్తే? జార్జి డబ్ల్యూ బుష్ పదవి దిగాక తనకు తెలిసిన దేశాధినేతల ముఖాలు వేసి 2014లో ప్రదర్శన పెట్టాడు. పుతిన్ ఉన్నాడు, బ్లెయిర్ ఉన్నాడు, మన మన్మోహన్ సింగ్ ఉన్నారు! నీలి తలపాగా మరి ఏ చిత్రకారుడికైనా పండగే.

మన దగ్గరా ఒకరున్నారు. ఎన్టీఆర్ అధ్యక్షుడుగా ఉన్న నేషనల్ ఫ్రంట్ తరఫున 1989లో ప్రధాని అయిన వి.పి. సింగ్. కుర్చీ దిగాక కవిత్వం, కుంచె! గుండె మీద చేయి వేసుకుని చెప్పండి: కుర్చీ కోసం కుంచె వదిలినవాళ్లు ఎక్కువా, కుర్చీ దిగి కుంచె పట్టినవాళ్లు ఎక్కువా?

కుక్కలు పోకర్ ఆడుతున్న బొమ్మ చూశారా? 1903 నుంచి కూలిడ్జ్ అనే అమెరికా చిత్రకారుడు వరసగా వేశాడు. ఒకదాంట్లో ఒక కుక్క బల్ల కింద కాలివేళ్లతో ఆసు అందిస్తుంటుంది! అలాంటి రెండు పటాలు 2005లో 5,90,400 డాలర్లకు పోయాయి. విశ్వాసమున్న జంతువు, పేకాటలో మాత్రం కాదు!

ఇటలీ చిత్రకారుడు కారవాజ్జో 1590ల్లో పేకమోసగాళ్లను వేశాడు. ఒకడు నడుము వెనక ముక్కలు దాచాడు, ఇంకొకడు వేళ్లతో సైగ చేస్తున్నాడు. మోసపోతున్న అబ్బాయికి తప్ప బొమ్మ చూసే అందరికీ తెలుసు. నాలుగువందల ఏళ్లుగా మనం అరుస్తున్నాం, వాడికి వినపడటం లేదు!

అన్నిటికన్నా ఖరీదైన పేకాట ఏది? ఫ్రాన్సులో సెజాన్ వేసిన "పేకాటరాయుళ్లు". ఆడుతున్నది రాజులు కాదు, పల్లెటూరి కూలీలు. 2011లో కతార్ రాజకుటుంబం 25 కోట్ల డాలర్లకు పైగా ఇచ్చి కొనుక్కుంది! ప్రభువులు తమ బొమ్మ వేయించుకోవడానికి ఇచ్చే డబ్బు ఒకెత్తు, కూలీల బొమ్మకు ఇచ్చింది ఒకెత్తు.

లెక్కల మూల

52 ముక్కల్లోంచి పోకర్‌కు ఐదు తీయడానికి ఎన్ని దారులు? 25,98,960! అందులో అన్నిటికన్నా పై చేయి, ఆసు, రాజు, రాణి, జాకీ, పది ఒకే గుర్తువి, వచ్చే దారులు ఎన్ని? నాలుగు! 6,49,740లో ఒక్కసారి. పేకాడే అల్లుడికి పొలం రాసిచ్చే ముందు ఈ లెక్క చూపించండి.

మూడు ముక్కలాటలో ఒకే అంకెవి మూడూ పడే అవకాశం 425లో ఒకటి. పండక్కి పదిమంది కూర్చుంటే "ఈసారి నాదే" అనేవాళ్లు మాత్రం పదికి పది!

పేక కట్టను ఎన్ని వరసల్లో పేర్చవచ్చో తెలుసా? ఆ సంఖ్యలో 68 అంకెలు! మీరు బాగా కలిపి పెట్టిన వరస బహుశా భూమి మీద ఇంతవరకూ ఎవరి చేతిలోనూ పడి ఉండదు. పొద్దున్నే సరికొత్త చరిత్ర!

రమ్మీ నేర్పుతో ఆడే ఆట అని సుప్రీంకోర్టు తేల్చింది ఏ కేసులో? ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వేసిన అప్పీలులోనే! సికిందరాబాదు క్లబ్బు ఒకదాని వ్యవహారం, 1967 నవంబరు. మూడు ముక్కలాట మాత్రం ఉత్త అదృష్టం అంది. ముక్కలు గుర్తుపెట్టుకోవడం, పట్టడం, పారేయడంలో బుర్ర ఉందని జడ్జిగారి మాట!

ఫోన్లో అయితే? 2020లో ఆంధ్రప్రదేశ్ డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలకు తలుపేసింది. 2025 ఆగస్టులో దేశమంతటికీ చట్టం వచ్చింది, నేర్పైనా అదృష్టమైనా సరే. చట్టం ఆపలేనిది ఒకటే, వేసవి సెలవుల్లో తాతయ్య ముక్కలు దొంగిలించే మనవరాలి నేర్పు!

పెద్ద ముఖం, చిన్న ముఖం

కటౌట్లు అంత పెద్దగా, అంత పోలికగా ఎలా వేసేవారో తెలుసా? చిన్న ఫొటో మీద గళ్లు గీస్తారు. పెద్ద గుడ్డ మీద అన్నే గళ్లు. గడికి గడి దించేస్తారు! నాయకుడి ముక్కు ఒకరోజు, మీసం ఇంకో రోజు. ఎండాకాలం సారవ ఎక్కినవాడికి ఆ మీసం నీడే గొడుగు.

మద్రాసులో కూర్చుని తెలుగు సినిమాకు ముఖాలు దిద్దిన పోస్టర్ల ఈశ్వర్ తెలుసుగా? బాపు తీసిన "సాక్షి"తో 1967లో మొదలుపెట్టి రెండు వేలకు పైగా సినిమాలకు పనిచేశారు. గోడలన్నీ ఆయన గ్యాలరీ, టికెట్టు లేని ప్రదర్శన!

ఇక మన సూళ్లూరుపేట రికార్డు! 2019లో ఇక్కడ తెరుచుకున్న సినిమా హాలు తెర వెడల్పు వంద అడుగుల పైమాటే. అప్పట్లో దేశంలోనే అతి పెద్ద తెరల్లో ఒకటి. హీరో కన్ను ఒక లారీ అంత! కాళంగి ఒడ్డున తలుపులు మూయని చెంగాళమ్మ గుడి ఉన్న ఊరు. వచ్చినవాళ్ల ముఖాలన్నీ ఒకే కొలతలో చూసే తల్లి ఉన్నచోట, మనిషి ముఖాన్ని ఇంత పెద్దది చేసిన తెర!

ఇప్పుడు జవాబు

ఆఠీను రాజు దగ్గరికి వద్దాం. ఫ్రెంచి పేకలో ఆయన పేరు చార్లెస్. అంటే చక్రవర్తి షార్లమేన్! చేతిలో మొదట ఉన్నది కత్తి కాదు, గొడ్డలి.

మరి గొడ్డలి ఏమైంది? చెక్కదిమ్మల మీద బొమ్మ చెక్కేవాళ్లు ఒకరిని చూసి ఒకరు, తరతరాలుగా దించుకున్నారు. ఒకసారి గొడ్డలి తల అంచులో తెగిపోయింది. పిడి మిగిలింది, అది కత్తి అయింది, కత్తి తల వెనక్కి వెళ్లింది. అదే దారిలో మీసం కూడా ఎగిరిపోయింది!

షార్లమేన్ రాజ్యం ముక్కలై వెయ్యేళ్లు దాటింది. ఆ మీసం మరిచిపోయిన చేయి ఎవరిదో ఏ శాసనంలోనూ లేదు. అయినా ఆ చేయి చేసిన పొరపాటు ప్రతి ఇంట్లో, ప్రతి రచ్చబండ మీద, రైలు బెర్తు మీద పరిచిన తువ్వాలు మీద ఈ క్షణాన కూడా పంచుతూనే ఉన్నారు.

ఒక చక్రవర్తి మీసం తీసేయడానికి ఎంత సైన్యం కావాలి? ఒక చెక్కడపు ఉలి చాలు! అర్థమైందా, బొమ్మ వేసేవాడితో ఎందుకు మర్యాదగా ఉండాలో? ఇక ముక్కలు కలపండి. ఈసారి పంచే వంతు మీదే!